ముందు కొలత, తర్వాతే సైరన్: ఒక పాత ఆఫీసు భవనంలో వైర్‌లెస్ సెన్సర్ల కేస్ స్టడీ

ఆరు అంతస్తులు, కింద బేస్‌మెంట్, పైన టెర్రస్. కింది రెండంతస్తులూ మందపాటి రాతి గోడల పాత కట్టడం. పై నాలుగూ తర్వాత కాంక్రీటుతో లేపినవి. లోపల వేర్వేరు సంస్థల ఆఫీసులు, ఒక రికార్డు రూమ్, ఒక సర్వర్ రూమ్, బేస్‌మెంట్‌లో స్టోరు, పార్కింగ్. భవనం నిర్వహణ చూసేవాళ్ల ఫిర్యాదు ఒక్కటే: స్టోరులో సామాన్లు తగ్గుతున్నాయి, ఎక్కడా తాళం పగలలేదు. కెమెరాలు ఉన్నాయి. కానీ ఏ రోజు, ఏ గంటకు పోయిందో తెలియనప్పుడు రికార్డింగ్ వెనక్కి తిప్పి వెతకడానికి అంతు ఉండదు.

వాళ్లు అడిగింది ప్రతి తలుపుకీ అలారం. మేం మొదట పెట్టింది మాత్రం సైరన్ లేని సెన్సర్లు. తలుపులు ఎప్పుడు తెరుచుకుంటున్నాయి, ఎంతసేపు తెరిచి ఉంటున్నాయి అన్నది కొన్ని వారాలు ఊరికే రాసుకోనిచ్చాం. మిగతా ప్రాజెక్టు అంతా ఆ లెక్క మీదే నిలబడింది.

వైరా, వైర్‌లెస్సా

వైరు లాగే వీలున్న చోట నేను ఇప్పటికీ వైరే లాగుతాను. వైరుకు బ్యాటరీ మార్చక్కర్లేదు, సిగ్నల్ పడిపోతుందన్న టెన్షన్ లేదు. ఇక్కడ ఆ వీలు లేదు. రాతి గోడల్లో కండ్యూట్ (వైర్లు పోయే గొట్టం) దింపాలంటే గాడులు కొట్టాలి. పైన ఆఫీసులు నడుస్తున్నాయి, దుమ్ము రేగితే ఒప్పుకోరు. పైగా ఏ సంస్థ ఎప్పుడు ఖాళీ చేస్తుందో, ఎప్పుడు పార్టిషన్లు మారుస్తుందో చెప్పలేం.

వైర్‌లెస్‌లో అమ్మేవాళ్లు పెద్దగా చెప్పని లాభం ఇంకొకటి ఉంది. సెన్సర్‌ను ఇవాళ ఒక తలుపుకు పెట్టి, పనికిరాకపోతే వచ్చే వారం ఇంకో తలుపుకు మార్చవచ్చు. వైరుతో అయితే ఎక్కడ పెట్టాలో ముందే తేల్చుకోవాలి. అంటే భవనం గురించి తెలియకముందే నిర్ణయాలు అయిపోతాయి. సైరన్ లేకుండా వారాల పాటు గమనించాలన్న ఆలోచన సాధ్యమైంది ఇందువల్లే.

సిగ్నల్ సర్వే

రేంజ్ గురించి బ్రోచర్లలో రాసేది అడ్డం లేని మైదానంలో దూరం. భవనం లోపల ఆ అంకెకు విలువ లేదు. సెన్సర్ల సందేశాలు అందుకునే గేట్‌వే పెట్టబోయే చోట ఒక రిసీవరు ఉంచి, టెస్ట్ ట్రాన్స్‌మిటర్ పట్టుకుని ప్రతి తలుపు దగ్గరా కొలిచాం. తలుపులన్నీ మూసి, లిఫ్ట్ నడుస్తుండగా, పార్కింగ్ కార్లతో నిండి ఉన్నప్పుడు కొలవడం ముఖ్యం. సెలవు రోజు ఖాళీ బేస్‌మెంట్‌లో వచ్చిన సిగ్నల్, పని రోజు కార్ల ఇనుము మధ్య రాదు.

రేడియో బ్యాండ్ ఎంపిక దగ్గర రెండు దారులు కనిపించాయి. ఒకటి 2.4 గిగాహెర్ట్జ్, జిగ్‌బీ లాంటి తక్కువ కరెంటు వైర్‌లెస్ పద్ధతులు నడిచే చోటు. రెండోది గిగాహెర్ట్జ్ లోపు బ్యాండ్లు: యూరప్‌లో 868 మెగాహెర్ట్జ్ దరిదాపు, ఉత్తర అమెరికాలో 902 నుంచి 928 వరకు, ఇలా దేశాన్ని బట్టి మారతాయి. కాబట్టి ఒక దేశంలో కొన్న కిట్‌ను ఇంకో దేశంలో బిగించడం చాలాసార్లు చట్టవిరుద్ధం. ఫ్రీక్వెన్సీ రెట్టింపైతే అదే దూరానికి ఖాళీ ప్రదేశంలోనే సిగ్నల్ నష్టం 6 డెసిబెల్స్ పెరుగుతుంది. 868తో పోలిస్తే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర ఆ తేడా దాదాపు 9 డెసిబెల్స్. గోడలు తినేది వేరే. దానికి తోడు ఇక్కడ ప్రతి అంతస్తులోనూ వైఫై కిక్కిరిసి ఉంది.

జిగ్‌బీకి మెష్ ఉంది కదా, ఒకదాని నుంచి ఒకటి అందుకుంటాయి కదా అని భవనం ఇంజినీరు అడిగారు. నిజమే, కానీ బ్యాటరీ మీద నడిచే సెన్సర్లు ఇంకొకరి సందేశం మోయవు, ఎక్కువ సేపు నిద్రలోనే ఉంటాయి. మోసేవి కరెంటుకు తగిలించిన పరికరాలు. ఆఫీసులో ప్లగ్గుకు పెట్టిన రిపీటర్‌ను ఎవరో ఒకరు ఫోన్ ఛార్జర్ కోసం పీకేస్తారు. ఆ రోజు ఆ అంతస్తు సెన్సర్ల నుంచి ఏ కబురూ రాదు. భద్రత కోసం పెట్టేదాన్ని అలాంటి అదృష్టం మీద వదలకూడదని గిగాహెర్ట్జ్ లోపు బ్యాండ్‌కే వెళ్లాం. రెండేసి అంతస్తులకు ఒక గేట్‌వే, బేస్‌మెంట్‌కు విడిగా ఒకటి పెట్టాం. గేట్‌వేలన్నిటికీ నెట్‌వర్క్ కేబుల్, బ్యాటరీ బ్యాకప్ ఉన్నాయి. వైర్‌లెస్ ప్రాజెక్టులో కూడా లాగక తప్పని వైర్లు కొన్ని ఉంటాయి.

సిగ్నల్ బలం కంటే మేం చూసింది మార్జిన్. రిసీవరు అందుకోగలిగే కనిష్ఠ స్థాయి కంటే కనీసం 15 నుంచి 20 డెసిబెల్స్ పైన లేని తలుపును సరే అనలేదు. రేపు ఎవరైనా ఆ తలుపు పక్కన స్టీలు బీరువా పెడితే పోయేది ఆ మార్జిన్ నుంచే. ఇనుప ఫైర్ డోర్లున్న మెట్ల దారి అన్నిటికంటే మొండిగా నిలిచింది. అక్కడ సెన్సర్‌ను మెట్ల వైపు కాకుండా కారిడార్ వైపు ఫ్రేముకు మార్చితే గానీ మార్జిన్ రాలేదు.

ఏ తలుపుకు ఏ సెన్సర్

తలుపులకు రీడ్ స్విచ్ కాంటాక్టులు. గాజు గొట్టంలో రెండు సన్నని లోహపు పలకలు, అయస్కాంతం దగ్గరుంటే కలుస్తాయి, దూరమైతే విడిపోతాయి. 1930ల్లో బెల్ ల్యాబ్స్‌లో వాల్టర్ ఎల్‌వుడ్ రూపొందించిన ఈ చిన్న వస్తువును ఇప్పటికీ మించింది రాలేదు, కరెంటు దాదాపు తినదు. ఇబ్బంది ఇనుప తలుపులతోనే. ఇనుము అయస్కాంత క్షేత్రాన్ని తనవైపు లాగేసుకుంటుంది, దాంతో చెక్క తలుపు మీద బాగా పనిచేసే దూరం ఇక్కడ చాలదు. అయస్కాంతం కింద ప్లాస్టిక్ స్పేసర్ వేసి ఎత్తితే సర్దుకుంటుంది. మామూలు కాంటాక్టును బయట నుంచి ఇంకో అయస్కాంతం పెట్టి మోసం చేయవచ్చు. అందుకే స్టోరు, సర్వర్ రూమ్ తలుపులకు మాత్రం బ్యాలెన్స్‌డ్ రకం తీసుకున్నాం. అది క్షేత్రం తగ్గినా పెరిగినా పట్టేస్తుంది.

మోషన్ సెన్సర్లు తక్కువే వాడాం. వాటిలో వాడే పీఐఆర్ (పాసివ్ ఇన్‌ఫ్రారెడ్) రకం పట్టేది కదలికను కాదు, మారుతున్న వేడిని. మనిషి ఒంటి నుంచి వచ్చే ఇన్‌ఫ్రారెడ్, సుమారు 8 నుంచి 14 మైక్రాన్ల పరిధిలోది, లెన్సు విభాగాలను దాటుతుంటే సిగ్నల్ పుడుతుంది. కాబట్టి సెన్సర్‌కు ఎదురుగా నడిచొచ్చేవాడి కంటే అడ్డంగా దాటేవాడు త్వరగా దొరుకుతాడు. గది వేడి మనిషి చర్మం వేడికి దగ్గరైతే అది దాదాపు గుడ్డిదవుతుంది. ఏసీ లేని బేస్‌మెంట్‌లో ఎండాకాలం మధ్యాహ్నం పీఐఆర్ మీద ఆధారపడటం నాకు ఇష్టం లేదు. స్టోరు లోపల పెట్టినదాన్ని కూడా రాత్రి వేళలకు పరిమితం చేశాం.

బ్యాటరీ పీఐఆర్‌లలో ఇంకో విషయం కొత్తగా బిగించేవాళ్లను బాగా తికమక పెడుతుంది. ఒకసారి కదలిక చూశాక బ్యాటరీ ఆదా కోసం చాలా మోడళ్లు కొన్ని నిమిషాల పాటు మళ్లీ చెప్పవు. గదిలో మనిషి తిరుగుతూనే ఉన్నా మాట్లాడవు. టెస్ట్ మోడ్‌లో పెట్టకుండా ముందు అటూ ఇటూ నడిచి చూసి, పనిచేయట్లేదని వెనక్కి పంపేసినవాళ్లను చూశాను. అదే లక్షణం వల్ల ఎవరు ఎంతసేపు లోపల ఉన్నారన్న ప్రశ్నకు దాన్ని వాడలేం.

సైరన్ లేని వారాలు

సెన్సర్లు రాసుకునే లాగ్ నిండటం మొదలయ్యాక మేం తెరుచుకున్న సంఖ్య కంటే తెరిచి ఉన్న వ్యవధిని చూశాం. పగటిపూట ఒక తలుపు ఎన్నిసార్లు తెరుచుకుందన్నది ఏమీ చెప్పదు. అరగంట తెరిచే ఉందంటే దాని వెనక ఏదో కారణం ఉంటుంది.

మూడో అంతస్తు ఫైర్ ఎగ్జిట్ రోజూ దాదాపు ఒకే సమయాల్లో పది, పదిహేను నిమిషాలు తెరిచి ఉంటోంది. వెళ్లి చూస్తే సిగరెట్ తాగడానికి వెళ్లేవాళ్లు తలుపు మూసుకుపోకుండా చెక్కముక్క అడ్డం పెడుతున్నారు. అది బయట నుంచి తెరుచుకోని తలుపు, మూసుకుంటే చుట్టూ తిరిగి రావాలి మరి. టెర్రస్ తలుపు రాత్రిళ్లు కొన్ని సెకన్ల తేడాతో పదేపదే తెరుచుకుని మూసుకుంటున్నట్టు కనిపించింది. గొళ్లెం వదులై గాలికి కొట్టుకుంటోంది. సర్వర్ రూమ్ తలుపు పగలంతా సరిగానే మూసుకునేది, సాయంత్రమైతే చివరి రెండంగుళాలు ఆగిపోయేది. ఏసీ పూర్తిగా నడిచేటప్పుడు లోపలి గాలి ఒత్తిడి తలుపును నెడుతోంది, డోర్ క్లోజర్ స్ప్రింగుకు అంత బలం లేదు.

ఇక స్టోరు. బేస్‌మెంట్ షట్టర్ పక్కనున్న చిన్న సర్వీసు తలుపు తెల్లవారుజామున, హౌస్‌కీపింగ్ వాళ్లు చెత్త తీసుకెళ్లే వేళ తెరుచుకునేది. వాళ్లు మళ్లీ వచ్చి మూసేలోపు చాలా సమయం పోయేది. ఆ సమయంలో గార్డు మెయిన్ గేటు దగ్గర షిఫ్టు అప్పగింతలో ఉంటాడు. స్టోరు లోపలి తలుపు తాళం వేసుకోవడమైతే ఉంది గానీ, ఆ గంటలోనే సామాను దించడానికి తెరిచి ఉంచే అలవాటూ ఉంది. ఆ రెండు వ్యవధులూ లాగ్‌లో ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఎవరు తీసుకెళ్లారన్నది సెన్సర్లు చెప్పలేదు, చెప్పలేవు కూడా. ఏ గంట కెమెరా చూడాలో మాత్రం నిర్వహణ వాళ్లకు తెలిసింది. ఆ తర్వాతి విచారణ వాళ్లది, మా పని కాదు.

ఇక్కడ చేసిన మార్పుల్లో సగానికి ఎలక్ట్రానిక్స్‌తో సంబంధమే లేదు. క్లోజర్ మార్చారు. టెర్రస్‌కు కొత్త గొళ్లెం వేశారు. పొగతాగే చోటును కార్డుతో తెరుచుకునే తలుపు వైపు మార్చారు. చెత్త తీసే వేళను షిఫ్టు అప్పగింత నుంచి జరిపారు. మొదటి రోజే సైరన్లు పెట్టి ఉంటే ఈ తలుపులన్నీ రోజూ మోగేవి, వారం తిరక్కుండానే ఎవరో ఒకరు వైరు పీకేసేవారు.

అలారం ఎవరికి వినిపించాలి

భవనంలో అంతకుముందే ఒక పాత వైర్డు అలారం ఉంది. అది మోగుతుంటే గార్డు లేవలేదు. అడిగితే, "సార్, అది రోజూ మోగేదే కదా" అన్నాడు. అతని తప్పేమీ లేదు. కారణం లేకుండా మోగి మోగి ఆ మోతకు విలువ పోయింది.

కొత్త ఏర్పాటులో రెండు స్థాయిలు పెట్టాం. తలుపు నిర్ణీత సమయం దాటి తెరిచి ఉంటే ముందు అక్కడికక్కడే చిన్న బజర్ మోగుతుంది. తలుపు దగ్గరున్నవాళ్లే మూసేస్తే కథ అక్కడితో సరి. మూయకపోతే డెస్కు మీది స్క్రీన్‌కు, గార్డు దగ్గరి ఫోన్‌కు వెళుతుంది. అతను కొన్ని నిమిషాల్లో చూశానని నొక్కకపోతే సూపర్‌వైజర్‌కు. సర్వర్ రూమ్‌కు 30 సెకన్లు, సామాను దించే తలుపుకు పగలు 10 నిమిషాలు, రాత్రి 1 నిమిషం, ఇలా ఆ లాగ్ చూసే సమయాలు పెట్టాం. అన్ని హెచ్చరికలూ మేనేజర్లందరి వాట్సాప్ గ్రూపుకు పంపమని ఒకరు అడిగారు, ఒప్పుకోలేదు. పదిమందికి వెళ్లిన అలర్టును ఇంకెవరో చూస్తారులే అని పదిమందీ వదిలేస్తారు.

ఫైర్ ఎగ్జిట్‌ల విషయంలో బేరం లేదు. ఏ సెన్సర్ ఏం చెప్పినా ఆ తలుపు లోపలి నుంచి నెడితే తెరుచుకోవాల్సిందే. బజర్ పెట్టవచ్చు, తాళం పెట్టకూడదు. ఈ మాట ఒప్పందంలో రాయించాం, ఎందుకంటే దొంగతనాలు పెరిగిన చోట ఎవరో ఒకరు గొలుసు వేద్దామంటారు.

మౌనం కూడా సమాచారమే

సెన్సర్ ఏమీ చెప్పట్లేదంటే అంతా బాగుందనా, అది చచ్చిపోయిందనా? ఈ రెండిటి మధ్య తేడా చెప్పలేని సిస్టమ్‌ను నేను భద్రతకు వాడను. ప్రతి సెన్సర్ ఏ సంఘటనా లేకపోయినా అప్పుడప్పుడు నేనున్నానని ఒక సందేశం పంపాలి. నిర్ణీత గడువులో అది రాకపోతే దాన్నే అలర్టుగా తీసుకోవాలి. యూరప్ ప్రమాణం ఈఎన్ 50131లో 1 నుంచి 4 వరకు గ్రేడ్‌లు ఉన్నాయి, గ్రేడ్ పెరిగే కొద్దీ ఈ గడువు తగ్గుతుంది. మరీ తరచుగా పంపితే బ్యాటరీ ఖర్చు. బ్యాండ్ నియమాలూ అడ్డొస్తాయి: యూరప్‌లో 868.0 నుంచి 868.6 మెగాహెర్ట్జ్ భాగంలో ఒక పరికరం సాధారణంగా 1 శాతం సమయమే, అంటే గంటలో 36 సెకన్లే ప్రసారం చేయవచ్చు. అన్ని తలుపులకూ ఒకే గడువు అక్కర్లేదు. స్టోరుకు, సర్వర్ రూమ్‌కు తక్కువ, మిగతావాటికి ఎక్కువ పెట్టాం.

జామింగ్, అంటే వేరే ప్రసారంతో సిగ్నల్‌ను అడ్డుకోవడం, అనగానే సినిమా దొంగలు గుర్తొస్తారు గానీ, అదే బ్యాండ్‌లో చెడిపోయిన చవక పరికరం ఒకటి ఆగకుండా ప్రసారం చేసినా ఫలితం అదే. గేట్‌వే బ్యాండ్‌లోని గోలను కొలుస్తూ ఉండాలి, అది పెరిగి అలాగే నిలిస్తే చెప్పాలి. అప్పగింత రోజు పరీక్షలో ఒక సెన్సర్‌ను ఇనుప డబ్బాలో పెట్టి మూశాం, ఒక గేట్‌వే కరెంటు తీశాం, ఇంకోదాని నెట్‌వర్క్ కేబుల్ పీకాం, ఒక సెన్సర్ మూత తెరిచి, అలా తెరిస్తే చెప్పే టాంపర్ స్విచ్ చూశాం. ప్రతిదానికీ డెస్కు దగ్గర సరైన సందేశం వచ్చాకే సంతకాలు.

కోడ్‌లు, కీలు, పాస్‌వర్డులు

కొనేముందు ప్రతి సెట్‌కూ రెండు ప్రశ్నలు వేశాం. సందేశాలు ఎన్‌క్రిప్ట్ అవుతున్నాయా, అంటే బయటివాళ్లు చదవలేని రూపంలో వెళ్తున్నాయా? పాత సందేశాన్ని పట్టుకుని మళ్లీ ప్రసారం చేస్తే సిస్టమ్ నమ్ముతుందా? చవకైన పాత రకాల్లో ప్రతిసారీ ఒకే కోడ్ పంపేవి ఇంకా దొరుకుతున్నాయి. తలుపు మూసిన సందేశాన్ని ఒకసారి రికార్డు చేసుకున్నవాడు, తలుపు తెరిచి ఉన్నప్పుడు దాన్నే వినిపించవచ్చు. ఏఈఎస్ 128 అనే ఎన్‌క్రిప్షన్ ఉందని రాసినంత మాత్రాన చాలదు, దాన్ని విప్పే కీ పరికరానికి ఎలా చేరుతోందో చూడాలి. జిగ్‌బీలో కొత్త పరికరం చేరేటప్పుడు అందరికీ తెలిసిన డిఫాల్ట్ కీ, జిగ్‌బీఅలయన్స్09 అన్న పదమే, వాడే పద్ధతి చాలాకాలం నడిచింది. జిగ్‌బీ 3.0లో ప్రతి పరికరానికీ విడి ఇన్‌స్టాల్ కోడ్ వాడే వీలు వచ్చింది. మనం ఎంచుకున్నది ఏ టెక్నాలజీ అయినా అలా విడి కోడ్ అడగాలి. ఆ కోడ్ స్టిక్కర్లను ఫొటో తీసి పని గ్రూపులో పెట్టుకునే టెక్నీషియన్లు ఉంటారు. వాళ్లతో ఆ ఫొటోలు చెరిపించేశాం.

గేట్‌వేలను ఆఫీసు నెట్‌వర్క్ నుంచి వేరు చేశాం, డిఫాల్ట్ పాస్‌వర్డులు మార్చాం. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ కెమెరాలు, రికార్డర్ల లాంటివాటిని గుంపులుగా లోబరచుకున్నది ఫ్యాక్టరీ పాస్‌వర్డులతోనే.

బ్యాటరీల లెక్క

అమ్మకందారు "5 ఏళ్లు" అంటాడు. అది ఏ తలుపుకో అడగాలి. సీఆర్123ఏ లిథియం బ్యాటరీలో సుమారు 1500 మిల్లీ యాంపియర్ అవర్ ఉంటుంది. సెన్సర్ నిద్రలో 5 మైక్రో యాంపియర్లు తీసుకుందనుకుంటే ఏడాదికి ఖర్చు 44 మిల్లీ యాంపియర్ అవర్ మాత్రమే. నిద్ర చవక, మాట్లాడటమే ఖరీదు. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట సందేశం అందక మళ్లీ మళ్లీ పంపుతుంది. అందుకే బ్యాటరీ తొందరగా అయిపోయిన సెన్సర్ కనిపిస్తే బ్యాటరీ మార్చి ఊరుకోవద్దు, అక్కడి సిగ్నల్ కొలవండి. నాలుగో అంతస్తులో ఒకటి అలా బయటపడింది. పక్కనే కొత్తగా ఫైళ్ల స్టీలు ర్యాకులు వచ్చాయి.

లిథియం వోల్టేజీ చివరిదాకా దాదాపు సమానంగా నిలిచి, తర్వాత నీరు లేని పంపులా ఒక్కసారిగా పడిపోతుంది. స్క్రీన్ మీద శాతం చూసి నమ్మకండి. తరచుగా తెరుచుకునే తలుపులకు ముందుగా, రికార్డు రూమ్ లాంటివాటికి ఆలస్యంగా మార్చేలా క్యాలెండర్ రాసిచ్చాం. అన్నీ ఒకే రోజు మారిస్తే అన్నీ ఒకే వారంలో అయిపోతాయి, కాబట్టి విడతలుగా.

సిబ్బంది అడిగిన ప్రశ్న

సెన్సర్లు కనిపించగానే ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకు అనుమానం వచ్చింది: మేం ఎప్పుడు లేస్తున్నామో, ఎంతసేపు బయట ఉంటున్నామో లెక్క కడుతున్నారా అని. ఆ అనుమానం న్యాయమైనదే. లాగ్‌లో తలుపు, సమయం తప్ప పేర్లు ఉండవని, కొంత గడువు తర్వాత చెరిగిపోతుందని, హాజరుకు వాడరని రాతపూర్వకంగా ఇప్పించాం. ఒక సంస్థ తమ సీట్ల వరుసల మీద మోషన్ సెన్సర్లు పెట్టమంది. భద్రతకు దానితో పని లేదని చెప్పి పెట్టలేదు.

మిగిలిపోయినవి

ఒకరు కార్డు చూపి తెరిచిన తలుపులో వెనకే ఇంకొకరు దూరితే ఈ సెన్సర్లకు ఆ తేడా తెలియదు. వాటి లెక్కలో అది ఒకసారి తెరుచుకుని మూసుకున్న తలుపే. మెయిన్ లాబీకి దానికోసం వేరే ఏర్పాటు కావాలి, నిర్వహణ వాళ్లు ఇంకా ఆలోచిస్తున్నారు. గ్రౌండ్ ఫ్లోర్ కిటికీలకు గాజు పగిలే శబ్దాన్ని పట్టే సెన్సర్లు పరీక్షలో ఉన్నాయి, దగ్గరలోని క్యాంటీన్ గిన్నెల చప్పుడుకు సెన్సిటివిటీ సర్దుతున్నాం. బేస్‌మెంట్ షట్టర్‌కు మాత్రం చివరికి వైర్డు కాంటాక్టే వేశాం. అక్కడ కండ్యూట్ ఎలాగూ ఉంది, పైగా షట్టర్ ఎత్తినప్పుడు చుట్టుకునే ఇనుప పలకల వెనక రేడియోకు మార్జిన్ రాలేదు. ఐదో అంతస్తులో కొత్త సంస్థ దిగుతోంది, లోహపు పూత ఉన్న గాజు పార్టిషన్లు వేస్తారట. వాళ్ల పని పూర్తయ్యాక ఆ అంతస్తులో సర్వే మళ్లీ మొదటి నుంచి చేయాలి.